పెట్టె మీద 7 అని ఉంది, మరి స్పీకర్ ఎలా పోయింది?

పేరు వేయొద్దని కోరిన ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. అందులోని విషయం క్లుప్తంగా ఇదీ. ఏడాది కిందట ఆయన ఒక బ్లూటూత్ స్పీకర్ కొన్నారు. పెట్టె మీద ‘ఐపీఎక్స్7’ అనీ, దాని కింద పెద్ద అక్షరాల్లో ‘వాటర్‌ప్రూఫ్’ అనీ ఉంది. ఈ ఏడాదిలో అది వానకు తడిసింది, ఒకసారి నిండు బకెట్లో పడింది. అయినా చెక్కుచెదరలేదు. పోయిన నెల బావమరిది తన స్నేహితులతో సముద్రానికి వెళ్తూ అడిగితే ఇచ్చారు. ఇస్తూ ‘నీళ్లలో పడేసినా దీనికేం కాదు’ అని భరోసా కూడా ఇచ్చారు. కుర్రాళ్లు ఎండలో, ఇసుకలో పెట్టుకుని పాటలు విన్నారు, అలల్లోకి తీసుకెళ్లారు, రాత్రి తువ్వాలుతో తుడిచి ఛార్జింగ్ పెట్టారు. తిరిగొచ్చాక రెండు రోజులు బొంగురుగా మోగింది. మూడో రోజు నుంచి ఛార్జింగ్ ఎక్కడం లేదు. సర్వీస్ సెంటర్‌లో ఛార్జింగ్ పోర్టులోని పచ్చటి తుప్పు చూపించి, నీటి వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదని తిప్పి పంపేశారు.

ఇక ఇంట్లో సంగతి. ఈయన కోపంగా నిలదీస్తే ‘నీళ్లలో పడేసినా ఏం కాదన్నది నువ్వే కదా బావా’ అన్నాడట ఆ అబ్బాయి. భార్య కూడా తమ్ముడి మాటే నిజమంది. మూడు వారాలుగా బావా బావమరుదుల మధ్య మాటల్లేవు. ‘తప్పెవరిది? స్పీకర్ బాగవుతుందా? కొత్తది కొంటే ఏ నంబరు చూసి కొనాలి?’ అని అడుగుతున్నారు. చివర్లో ఇంకో మాట: జిమ్‌లో వాడే ఐపీఎక్స్4 ఇయర్‌బడ్స్‌లో కుడివైపుది సరిగా వినిపించడం లేదట. అదీ ఇదే దారి పడుతోందా అని భయపడుతున్నారు.

తప్పెవరిదన్న ప్రశ్నను మీరు అన్నిటికన్నా ముందు పెట్టారు. దాన్ని కాసేపు పక్కన ఉంచుదాం. ఆ 7 అనే అంకె దేనికి హామీ ఇస్తుందో, దేనికి ఇవ్వదో తెలిస్తే ఆ ప్రశ్నలోని వేడి సగం తగ్గుతుంది.

ఈ ఐపీ అంకెలు ఐఈసీ 60529 అనే అంతర్జాతీయ ప్రమాణం నుంచి వచ్చాయి. మొదటి అంకె ఘన పదార్థాలకు, అంటే వేలు, తీగ, దుమ్ము లాంటివాటికి. అది 0 నుంచి 6 వరకు ఉంటుంది. రెండోది నీటికి, 0 నుంచి 9 వరకు. అంకె ఉండాల్సిన చోట ‘ఎక్స్’ ఉంటే ఆ విషయంలో కంపెనీ ఏ హామీ ఇవ్వలేదని అర్థం. దుమ్ము దూరిపోతుందని దాని అర్థం కాదు, దూరదనీ కాదు. మీ స్పీకర్ పేరులో మొదటి స్థానంలో ఉన్నది ఆ ఎక్సే. అంటే దాన్ని ఇసుకలో పెట్టిన క్షణానే పెట్టె మీది మాటకు హద్దు దాటినట్టయింది.

నీటి విషయంలో 7 అంటే జరిపే పరీక్ష ఇది: కొత్త వస్తువును, దాని మూతలన్నీ బిగించి, అడుగు భాగం ఒక మీటరు లోతున ఉండేలా మంచినీళ్లలో ముంచి 30 నిమిషాలు ఉంచుతారు. నీళ్ల వేడికీ వస్తువు వేడికీ మధ్య తేడా 5 డిగ్రీలు మించకూడదు. బయటికి తీశాక హాని చేసేంత నీరు లోపలికి పోకపోతే చాలు, ఉత్తీర్ణమైనట్టే. నిలకడ నీళ్లు, ఉప్పు లేని నీళ్లు, సమానమైన వేడి, కొత్త రబ్బరు. మీ బకెట్ సంఘటన దాదాపు ఇలాంటిదే. అందుకే అప్పుడేం కాలేదు. సముద్రం దగ్గర వీటిలో ఒక్కటీ నిలవలేదు.

వేడి సంగతి చాలామందికి తట్టదు. ఎండలో ఉన్న స్పీకర్ లోపలి గాలి 50 డిగ్రీలకు చేరిందనుకోండి. దాన్ని 25 డిగ్రీల నీళ్లలో ముంచితే లోపలి గాలి చల్లబడి పీడనం సుమారు 8 శాతం పడిపోతుంది. పూర్తిగా మూసిన గట్టి డబ్బాలో ఆ లాగుడు దాదాపు 80 సెంటీమీటర్ల లోతున నీరు నెట్టే ఒత్తిడితో సమానం. స్పీకర్‌కు కదిలే రబ్బరు పొరలు, గాలి ఆడే పలుచని పొర ఉంటాయి కాబట్టి అసలు లాగుడు ఇంతకన్నా తక్కువే ఉంటుంది. అయినా మోకాలి లోతు నీళ్లే కదా అనుకున్నచోట రబ్బరు మూత మీద అంతకు మించిన బరువు పడి ఉండొచ్చు. ఆ మూత అంచు కింద ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుని ఉంటే చెప్పేదేముంది, నీటికి దారి తెరిచి పెట్టినట్టే.

ఆ తర్వాత అలలు. 6 వరకు ఉన్న అంకెల్లో పెద్దది చిన్నవాటిని కూడా కలుపుకుంటుంది. 6 వచ్చిన వస్తువు 5, 4 పరీక్షలకు కూడా తట్టుకుంటుంది. 7, 8 అలా కాదు, అవి ముంపుకు మాత్రమే. 5 పరీక్షలో 6.3 మిల్లీమీటర్ల నాజిల్‌తో నిమిషానికి 12.5 లీటర్ల ధార కొడతారు. 6లో నాజిల్ 12.5 మిల్లీమీటర్లు, ధార నిమిషానికి 100 లీటర్లు. 7 మాత్రమే ఉన్న వస్తువు ఈ ధారల పరీక్షకు వెళ్లి ఉండనక్కర్లేదు. రెండూ చేయించిన కంపెనీ ‘ఐపీఎక్స్5/ఐపీఎక్స్7’ అని రెండూ రాసుకుంటుంది. విరిగిపడే అల నిలకడ నీటికన్నా ధారకే దగ్గరి చుట్టం. మీ పెట్టె మీద ఆ జంట గుర్తు లేదు.

ఇవన్నీ చెప్పాక కూడా, మీ ఉత్తరం చదివితే స్పీకర్‌ను దెబ్బతీసింది అలలు కావేమో అనిపిస్తోంది. ఆ రాత్రి పెట్టిన ఛార్జింగే దెబ్బతీసి ఉండాలి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. కుళాయి నీటికన్నా అది కరెంటును ఎన్నో రెట్లు బాగా మోస్తుంది. టైప్-సి పోర్టులో 24 వరకు పిన్నులు అర మిల్లీమీటరు ఎడంతో రెండు వరుసల్లో ఉంటాయి. తువ్వాలు పైన తుడుస్తుంది గానీ ఆ సందుల్లో ఇరుక్కున్న ఉప్పునీటిని తీయలేదు. అక్కడ 5 వోల్టులు తగిలితే పాజిటివ్ పిన్ను లోహం కరిగి నీటిలో కలవడం మొదలవుతుంది. పైనున్న బంగారు పూత చాలా పలుచన, కింద ఉన్నది రాగి మిశ్రమం. మీకు చూపించిన పచ్చదనం ఆ రాగిదే. ఒక్క రాత్రి ఛార్జింగ్‌తో ఇదంతా జరగడానికి బోలెడు సమయం.

ఇందులో మీకు పనికొచ్చే మాట కూడా ఉంది. ఇలాంటి స్పీకర్లలో పోర్టు వెనక భాగానికి కూడా సీల్ ఉండడం మామూలే. పోర్టు నాశనమైనా లోపలి బోర్డు పొడిగా ఉండే అవకాశం ఉంది. కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది నీళ్లు పోర్టు దగ్గరే ఆగాయా, కడుపులోకి పోయాయా అన్నదే. చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపండి. నీళ్ల చప్పుడు గానీ ఇసుక గలగల గానీ వినిపిస్తోందా? డబ్బా ఎక్కడైనా ఉబ్బిందా, అతుకుల దగ్గర విచ్చుకుందా, తీయటి రసాయనపు వాసన వస్తోందా? ఉబ్బు, వాసన, తాకితే వేడి, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇక బాగుచేసే ఆలోచన వదిలేయండి. అది లిథియం బ్యాటరీ. మంటంటుకునే వస్తువులకు దూరంగా పెట్టి, పాత బ్యాటరీలు తీసుకునే కేంద్రానికి అప్పగించండి. చెత్తబుట్టలో మాత్రం వేయకండి.

అవేవీ లేకపోతే మీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, పోర్టు శుభ్రం చేసి చూడడం. స్పీకర్ ఆపేసి ఉండాలి. 90 శాతానికి పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో మెత్తటి నైలాన్ బ్రష్‌ను తడిపి, పోర్టు నోరు కిందికి ఉంచి, మూడు నాలుగు సార్లు సున్నితంగా తోమండి. సూది, పిన్నీసు లాంటి లోహపు వస్తువు పెట్టకండి. పిన్నులు వంగుతాయి, ఒకదానికొకటి కలిసిపోతాయి. ఊదుడు యంత్రాలు, ఒత్తిడి గాలి డబ్బాలు కూడా వద్దు. ఆ గాలి ఇసుకను సీల్ దాటించి లోపలికి తోస్తుంది. హెయిర్ డ్రయ్యర్ వేడి బ్యాటరీకీ, జిగురుకీ రెండింటికీ చేటు. తోమాక పోర్టు కిందికి వంచి, గాలి ఆడే చోట రెండు రోజులు వదిలేయండి. మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెడితే ఇంకా మేలు. బియ్యంలో పెట్టడం వల్ల ఉపయోగం లేదు, పిండి దుమ్ము పోర్టులో చేరడం తప్ప. తర్వాత రాయి గానీ గచ్చు గానీ ఉన్న నేల మీద పెట్టి, మీరు పక్కనే ఉండి, పదిహేను నిమిషాలు ఛార్జింగ్ పెట్టి చూడండి. పోర్టు వేడెక్కితే వెంటనే తీసేయండి. ఎక్కింది కదా అని నిద్రపోతూ ఛార్జింగ్ పెట్టే అలవాటు ఈ స్పీకర్‌తో ఇక వద్దు. తుప్పు పట్టిన పిన్ను మెరిసినట్టు కనిపించినా దాని పూత పోయింది. అది మళ్లీ తుప్పు పడుతుంది.

రెండోది, డబ్బు పెట్టి బాగుచేయించడం. పోర్టు విడిగా చిన్న బోర్డు మీద ఉంటే ఆ బోర్డు మారిస్తే సరిపోతుంది. అదే పెద్ద బోర్డుకే అతికించి ఉంటే పని పెద్దది, ఖర్చూ పెద్దదే. అప్పగించేముందు రెండు ప్రశ్నలు అడగండి: ‘పోర్టు బోర్డు విడిగా ఉందా? మళ్లీ మూసేటప్పుడు కొత్త గాస్కెట్ (నీరు ఆపే రబ్బరు సీల్) వేసి, గాలి లీకేజీ పరీక్ష చేస్తారా?’ రెండోదానికి లేదనే జవాబొస్తే, స్పీకర్ మోగుతుంది గానీ దాని 7 పోయినట్టే. ఆ రోజు నుంచి దాన్ని నీళ్లు తగలకూడని స్పీకర్‌గానే చూసుకోవాలి.

మూడోది, కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టడం. మొదట మీ స్పీకర్‌తో వచ్చిన చిన్న పుస్తకం తీసి చదవండి. ఉప్పునీరు తగిలితే మంచినీటితో కడగాలనీ, పోర్టు పూర్తిగా ఆరేదాకా ఛార్జింగ్ పెట్టొద్దనీ అందులో ఉంటే మీ వాదన నిలవదు. చాలా పుస్తకాల్లో ఉంటుంది కూడా. అలాంటి హెచ్చరిక లేకుండా ప్రకటనల్లో మాత్రం సముద్రపు ఒడ్డున ఆడుకునే బొమ్మలు వేసి ఉంటే, ఆ బొమ్మల ఫొటోలు, బిల్లు, పోర్టు ఫొటో జతచేసి కారణం రాసివ్వమని అడగండి. ఈ దారి ఎంచుకుంటే ముందుగా స్పీకర్ విప్పకండి, తోమకండి. విప్పిన వస్తువు మీద ఎవరూ వాదన వినరు. అంటే మొదటి దారీ మూడో దారీ ఒకేసారి కుదరవు. పుస్తకం చదివాకే నిర్ణయించుకోండి.

ఇప్పుడు మీ బావమరిది సంగతికొద్దాం. ఆ కుర్రాడు చేసిన పొరపాట్లు రెండు: కడగలేదు, తడి పోర్టుకు ఛార్జింగ్ పెట్టాడు. ఆ రెండూ పొరపాట్లని అతనికి ఎవరూ చెప్పలేదు. మీరు చెప్పింది సరిగ్గా దానికి విరుద్ధం. మీరైనా కావాలని చెప్పలేదు, పెట్టె మీద ఉన్న మాటనే తిప్పి చెప్పారు. ‘వాటర్‌ప్రూఫ్’ అనే ఆ మాట ప్రమాణంలోని అంకెల్లో ఎక్కడా లేదు, అది అమ్మకం కోసం పెట్టుకున్నది. అతను మీ మాట నమ్మాడు, మీరు పెట్టెను నమ్మారు. నా దృష్టిలో ఈ తగవు ఇంత దూరం రావాల్సింది కాదు.

అతని దగ్గర పూర్తి డబ్బు వసూలు చేయాలనుకుంటే చేయొచ్చు, కానీ మీరు ఇచ్చిన భరోసాకు అతను జరిమానా కట్టినట్టవుతుంది. ఆ మాట ఇంట్లో చాలాకాలం వినబడుతుంది. మొత్తం మీరే భరించి ఊరుకుంటే గొడవ ఆగుతుంది గానీ, మీ మనసులో ఆ ముల్లు మిగిలిపోవచ్చు. మూడో మాట ఒకటుంది. ముందు మీరే ఫోన్ చేసి, ‘నేను చెప్పిందాంట్లో కూడా పొరపాటుందిరా, ఉప్పునీటి సంగతి నాకూ తెలియదు’ అనండి. బాగుచేయించే ఖర్చెంతో తెలిశాక, అందులో కొంత పంచుకుంటావా అని అడగండి. కొత్త స్పీకర్ ధరలో సగం అడగడం వేరు, రిపేరులో భాగం అడగడం వేరు. రెండోది ఎక్కువమంది న్యాయంగానే తీసుకుంటారు. కాదంటే అక్కడితో వదిలేయండి. కానీ ముందు ఫోన్ మాత్రం మీదే కావాలి, పెద్దవారు మీరు కాబట్టి.

కొత్తది కొనే విషయానికొస్తే, ఏ నంబరు మంచిదని కాక, నా స్పీకర్‌కు తగిలేదేమిటని మొదలుపెట్టండి. వంటగదిలో చిలకరింపులు, నడుస్తుంటే చిన్న వాన, వీటికి 4 చాలు. ఆ పరీక్షలో అన్ని వైపుల నుంచీ నీళ్లు చిమ్ముతారు. ఇసుక, మట్టి ఉన్నచోటికి తీసుకెళ్తారంటే మొదటి అంకె చూడండి. 5 అంటే కొంత దుమ్ము లోపలికి పోయినా పనికి అడ్డురాదని, 6 అంటే అసలు పోదని. దానికి గాలిలో తేలే టాల్కం పొడితో నింపిన గదిలో పరీక్షిస్తారు. చాలా సందర్భాల్లో లోపలి గాలిని పంపుతో లాగుతూ, పొడిని లోపలికి పీల్చేలా చేసి మరీ చూస్తారు. టాల్కం ఇసుకకన్నా ఎంతో మెత్తన కాబట్టి 6 వచ్చిన వస్తువులోకి ఇసుక పోదన్న నమ్మకం ఉంచుకోవచ్చు. మూత అంచులు, రబ్బరు పొరలు ఇసుక రాపిడికి అరిగిపోవడం మాత్రం ఏ అంకే ఆపదు.

మీ వాడకానికి ఐపీ67 సరైనది. ధార పరీక్ష కూడా చేశామని విడిగా రాసి ఉంటే మరీ మంచిది. ఐపీ68 అంటే 67కన్నా కఠినమైన ముంపు, కానీ ఎంత లోతు, ఎంతసేపు అన్నది కంపెనీయే నిర్ణయించుకుంటుంది. ఆ రెండు సంఖ్యలూ పుస్తకంలో వెతకండి. రెండు కంపెనీల 8లు ఒకటే అనుకోవద్దు. ఐపీ66 చూసి 67కు దగ్గరేగా అనుకునేరు, అది ధారకు నిలుస్తుంది గానీ ముంపుకు హామీ లేదు. నీళ్లలో పడితే తేలుతుందా అన్నది వేరే సంగతి, ఈ అంకెలు దాని గురించి ఏమీ చెప్పవు. అంకె లేకుండా ‘నానో కోటింగ్’, ‘స్వెట్‌ప్రూఫ్’ అని మాత్రమే ఉంటే ఏ పరీక్షకూ లోబడని మాట అనుకోండి.

స్నానాల గదిలో షవర్ కింద పెట్టుకునే అలవాటుంటే ఒక మాట. నీటిని బొట్టుగా పట్టి ఉంచే గుణాన్ని, అంటే తలతన్యతను, సబ్బు తగ్గిస్తుంది. మామూలు నీటిబొట్టును ఆపే సన్నటి పొర సబ్బునీటిని ఆపలేకపోవచ్చు. వేడి ఆవిరి బొట్టుకన్నా సులువుగా దూరుతుంది. ఈ రెండింటికీ మామూలు స్పీకర్ల మీద ఉండే ఏ అంకెలోనూ పరీక్ష లేదు.

కొత్తది మళ్లీ సముద్రానికి వెళ్తే, నీళ్లలో దించేముందు నీడలో చల్లారనివ్వండి, మూత అంచు తుడిచి గట్టిగా నొక్కండి. తిరిగి రాగానే మూత తెరవకముందే మంచినీళ్లతో మెల్లగా కడగండి, కుళాయి ధార కింద వద్దు. పుస్తకం కడగొచ్చని చెప్పినప్పుడే సుమా. తుడిచి, నీళ్లు కారేలా వంచి, ఆరాక మూత తెరిచి చూడండి. పోర్టులో తడి కనిపిస్తే ఆ రాత్రికి ఛార్జింగ్ మానేయండి. రబ్బరు ఏటా గట్టిపడుతుంది కాబట్టి మూడేళ్ల తర్వాత దాని 7ను మునుపటంత నమ్మొద్దు.

చివరగా మీ ఇయర్‌బడ్స్. ఒకవైపే శబ్దం తగ్గిందంటే ముందు అనుమానించాల్సింది గులిమిని. చెమటకు మెత్తబడి జాలీ మీద పొరలా పేరుకుంటుంది. సిలికాన్ టిప్పు తీసి సబ్బునీళ్లలో కడిగి ఆరబెట్టండి. బడ్‌ను మాత్రం నీళ్లలో ముంచకండి, 4కు ముంపు పరీక్ష లేదు. జాలీ కిందికి ఉండేలా పట్టుకుని పొడి మెత్తటి బ్రష్‌తో తోమండి. పైకి పట్టుకుంటే గులిమి లోపలికి పోతుంది. సూదితో గుచ్చితే జాలీ చిరుగుతుంది. తర్వాత ఎడమ టిప్పు కుడిదానికి మార్చి వినండి. తోమినా, టిప్పు మార్చినా తేడా లేకపోతేనే లోపలి లోపం అనుకోవాలి.

అసలు జాగ్రత్త కేస్ దగ్గర కావాలి. చాలా ఇయర్‌బడ్స్‌లో ఆ 4 బడ్స్‌కు మాత్రమే, కేస్‌కు ఏ అంకే ఉండదు. వ్యాయామం అవగానే చెమట తడితో కేస్‌లో పెడితే, మీ స్పీకర్ పోర్టులో జరిగిందే అక్కడి చిన్న పిన్నుల దగ్గర రోజూ కొంచెం కొంచెంగా జరుగుతుంది. చెమటలోనూ ఉప్పే కదా. బడ్ అడుగున ఉన్న లోహపు చుక్కలను కాస్త తడిపిన గుడ్డతో, ఆ వెంటనే పొడి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే కేస్‌లో పెట్టండి. కేస్ లోపలి పిన్నుల మీద పచ్చటి గానీ నల్లటి గానీ మచ్చ కనబడితే ఆల్కహాల్‌లో తడిపిన దూది పుల్లతో తుడవండి. అప్పటిదాకా ఆ కేస్‌ను ఛార్జర్‌కు తగిలించకండి.